సెస్నా 140 ఖాళీ బరువు తగ్గించాలంటే: ఏది తీసేయాలి, ఏది మార్చాలి, దేని జోలికి పోకూడదు

ఇద్దరు కూర్చునే పాత తోక చక్రం విమానం సెస్నా 140 కొన్నవాళ్లు ముందుగా వేసుకునే లెక్క ఇది. అనుమతించిన గరిష్ఠ బరువు 1450 పౌండ్లు. ఖాళీ బరువు 940 పౌండ్లున్న విమానాన్ని తీసుకుందాం, ఈ రోజుల్లో అదేమీ అరుదైన అంకె కాదు. మిగిలింది 510. రెండు రెక్కల ట్యాంకుల్లో కలిపి 25 గ్యాలన్ల ఇంధనం నింపితే గ్యాలన్‌కు 6 పౌండ్ల చొప్పున 150 పోయింది. ఆయిల్‌కు ఇంకో 9. మిగిలిన 351లో 170 పౌండ్ల మనుషులు ఇద్దరు కూర్చుంటే చేతిలో ఉండేది 11 పౌండ్లు, అంటే 5 కిలోలు. హెడ్‌సెట్లు, కట్టేసే తాళ్లు, ఒక ఆయిల్ డబ్బా పెట్టేసరికి బట్టల సంచీకి చోటు లేదు. అమెరికా విమానాల కాగితాలన్నీ పౌండ్లలో, అంగుళాల్లో ఉంటాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం. పౌండంటే 454 గ్రాములు.

ఈ విమానాలు 1946లో రావడం మొదలైంది. అప్పటి నుంచి ఒక్కో యజమాని ఒక్కో వస్తువు ఎక్కించాడు: రేడియో, దాని పక్కన ఇంకో రేడియో, గైరో మీటర్లు, వాటిని తిప్పే వాక్యూమ్ ఏర్పాటు, లోపల మందపాటి కార్పెట్, పాత రంగు మీద కొత్త రంగు, కొన్నిటికి బట్ట రెక్కల మీద అల్యూమినియం రేకు. తీసేవాళ్లు తక్కువ.

పని మొదలుపెట్టే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, ఖాళీ బరువు తగ్గితే గరిష్ఠ బరువు మారదు. తేలిక విమానాలు నడిపేవాళ్ల కోసం అమెరికా తెచ్చిన 2004 స్పోర్ట్ పైలట్ నిబంధనల్లో 1320 పౌండ్ల పరిమితి ఉన్నన్నాళ్లూ, 140ని తేలిక చేసి ఆ కోవలోకి తేవచ్చా అని చాలామంది అడిగేవారు. కుదరదు. అక్కడ చూసేది ధ్రువీకరించిన గరిష్ఠ బరువునే తప్ప విమానం నిజంగా ఎంత తూగుతుందన్నది కాదు. 2025 అక్టోబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన మోజాయిక్ అనే కొత్త నిబంధనలు స్పోర్ట్ పైలట్‌కు బరువు బదులు 59 నాట్ల స్టాల్ వేగాన్ని (రెక్క విమానాన్ని మోయలేకపోయే వేగం) హద్దుగా పెట్టాయి కాబట్టి ఆ బాధ కూడా తీరింది.

రెండోది, మీకు కావాల్సింది ఎక్కువ మోయడమా, బాగా ఎక్కడమా? 50 పౌండ్లు తగ్గించి ఆ 50 పౌండ్ల సామానూ ఎక్కిస్తే విమానం మళ్లీ 1450 దగ్గరే ఉంటుంది, ఎక్కుడు రేటు అంగుళం మెరుగుపడదు. ఆ చోటు ఖాళీగా వదిలితేనే రన్‌వే మీద తేడా కనిపిస్తుంది. టేకాఫ్ పరుగు దాదాపుగా బరువు వర్గంతో (బరువును బరువుతోనే గుణించిన అంకెతో) మారుతుంది. 1450 నుంచి 1400కి దిగితే బరువులో తగ్గుదల మూడున్నర శాతమే అయినా పరుగు సుమారు 7 శాతం తగ్గుతుంది. నిమిషానికి 600 అడుగులు ఎక్కే విమానం ఇంకో 30, 40 అడుగులు ఎక్కువ ఎక్కుతుంది. అంతే. అంతకంటే ఎక్కువ ఎవరైనా చెబితే వాళ్లు ఏదో అమ్ముతున్నారని అర్థం.

ముందు తూకం

చాలా 140ల బరువు కాగితంలో ఉన్న అంకె తూచింది కాదు, కూడికలు తీసివేతలు చేసుకుంటూ వచ్చింది. అమెరికా నిర్వహణ మార్గదర్శి ఏసీ 43.13-1బీ ప్రకారం, ఖాళీ బరువు 5,000 పౌండ్లలోపు ఉన్న విమానానికి ఒక పౌండు, అంతకు లోపు మార్పును లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ముప్పావు పౌండ్ల మార్పులు ఇరవై జరిగితే 15 పౌండ్లు ఎక్కడా రాయకుండానే చేరిపోతాయి. తూచిన తర్వాత సాధారణంగా చేదు వార్తే వినాల్సి వస్తుంది. ఒకసారి తూచాక ఆ కొత్త అంకెతోనే ఎగరాలి, నచ్చలేదని పాత కాగితానికి వెళ్లలేరు. అయినా తూచకుండా ఖర్చు మొదలుపెట్టడం దండగ.

తూచే పద్ధతిలో తప్పులు ఎక్కువగా దొర్లేవి ఇవి. విమానం కడిగి, పూర్తిగా ఆరాక తూచాలి. సీటు ఫోములో నీళ్లుంటే అదీ తూగుతుంది. హ్యాంగర్ తలుపులు మూసేయాలి, రెక్క మీద చిన్న గాలి తగిలినా కాంటా అంకె ఊగుతుంది. మూడు కాంటాలు కావాలి, రెండు ముందు చక్రాల కింద, ఒకటి తోక చక్రం కింద. తోకను స్టాండు మీద ఎత్తి, టైప్ సర్టిఫికెట్ డేటా షీట్‌లో (ఆ మోడల్‌కు ఆమోదించిన వివరాల పత్రం) చెప్పిన చోట లెవెల్ పెట్టి విమానాన్ని సమంగా నిలపాలి. 140కీ, దాని జంట మోడల్ 120కీ ఆ షీటు నంబరు ఎ-768, లోహపు రెక్కల 140ఎకు 5ఎ2. స్టాండు, చక్రాల కింద పెట్టిన అడ్డ చెక్కలు విడిగా తూచి మొత్తంలోంచి తీసేయాలి. బ్రేకులు వదిలేయాలి, పట్టి ఉంటే చక్రాల మీద పక్కబలం పడి కాంటా తప్పు చూపిస్తుంది. ఇంధనాన్ని కూడా విమానం సమంగా ఉన్న స్థితిలోనే దింపాలి. తోక కింద ఉన్నప్పుడు దింపితే ట్యాంకులో మిగిలే ఇంధనం వేరు, లెక్కలో రాయాల్సిన వాడలేని ఇంధనం వేరు. చివరగా, రెక్క ముందు అంచు నుంచి తూకపు గుండు వేలాడదీసి, నేల మీద గీత గీసి, చక్రాల ఇరుసుల దాకా దూరం మీరే కొలవండి. పాత కాగితంలో ఉన్న దూరం తీసుకోవద్దు. మధ్యలో ఎవరైనా ల్యాండింగ్ గేర్ కాళ్లు మార్చి ఉండొచ్చు, చక్రాలను ముందుకు జరిపే ఎక్స్‌టెండర్లు బిగించి ఉండొచ్చు.

ఊరికే పోయే పౌండ్లు

డబ్బు ఖర్చు కాని బరువు ముందు. సీట్లు, కార్పెట్, బ్యాగేజీ అర వెనక పలక, రెక్కల తనిఖీ మూతలు అన్నీ తెరవండి. తోక గొట్టంలో ఎలుకల గూళ్లు, కందిరీగల మట్టి గూళ్లు, ఎండిన బురద, గడ్డి దొరకడం మామూలే. ఎలుక మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి ఇది బరువు కోసం కాకపోయినా చేయాల్సిన పనే. తలుపుల లోపల, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వెనక అతికించిన పాత ఫైబర్‌గ్లాస్ శబ్ద నిరోధక పొర తడి పీల్చుకుని బరువెక్కి ఉంటుంది. దాన్ని తీసేస్తే క్యాబిన్ రొద పెరుగుతుంది, మంచి శబ్దం తగ్గించే హెడ్‌సెట్‌తో సర్దుకుపోవచ్చు.

ఆ తర్వాత చచ్చిన కరెంటు సామాను. ఎప్పుడో పీకేసిన ఏడీఎఫ్, లోరాన్ లాంటి పాత దారిచూపే రేడియో పెట్టెల తీగలు, యాంటెనాలు, బిగించిన పట్టీలు ప్యానెల్ వెనక అలాగే ఉండిపోతాయి. తీగను రెండు చివరలా గుర్తుపట్టాకే కోయండి. ఒక చివర చూసి కోసి, రెండో చివర ఇంధన మీటరుకు పోతోందని తర్వాత తెలుసుకోవడం ఈ పనిలో జరిగే అతి సాధారణమైన పొరపాటు. వాక్యూమ్‌తో తిరిగే కృత్రిమ హొరైజన్, డైరెక్షనల్ గైరో ఒక్కోటి రెండున్నర మూడు పౌండ్లుంటాయి, గొట్టాలు, వాక్యూమ్ పుట్టించే వెంచురీ వీటికి అదనం. పగలు మాత్రమే, మేఘాలకు దూరంగా ఎగిరేవాళ్లకు వీటితో పని లేదు. కావాలనుకుంటే ఎలక్ట్రానిక్ హొరైజన్ ఒక పౌండు చుట్టూ వస్తుంది.

తీసేయకూడనివీ ఉన్నాయి. డేటా షీట్‌లో తప్పనిసరి అని ఉన్నవి, ఈఎల్‌టీ (ప్రమాదం జరిగితే సంకేతం పంపే పెట్టె), సీట్ల చట్రం, నడుము బెల్టులు, భుజం బెల్టులు. స్టీల్ బోల్టుల బదులు తేలిక బోల్టులు వేయడం, పలకలకు రంధ్రాలు పొడవడం లాంటివి సొంత ప్రయోగాలతో తయారైన విమానాల వాళ్ల అలవాట్లు. ధ్రువీకరించిన విమానంలో చేయరాదు, దాంతో దొరికే బరువూ చాలా తక్కువ.

బ్యాటరీ: మూడు దారులు

140లో బ్యాటరీ బ్యాగేజీ అర వెనక, తోక వైపు ఉంటుంది. ఆ చోటే దీన్ని ఆసక్తికరం చేస్తుంది. పాత రకం యాసిడ్ బ్యాటరీ, గిల్ జీ-25 లాంటిది, 22 పౌండ్ల చుట్టూ ఉంటుంది. మూసేసిన ఏజీఎమ్ రకం ఒడిస్సీ పీసీ680 అయితే 15.4 పౌండ్లు. టీఎస్‌ఓ (అమెరికా విమాన భాగాలకు ఇచ్చే ప్రమాణ ఆమోదం) ఉన్న ఎర్త్‌ఎక్స్ లిథియం బ్యాటరీ ఐదున్నర పౌండ్ల లోపే.

అంకెలు చూస్తే లిథియమే గెలిచినట్టు ఉంటుంది. కానీ 1940ల నాటి కరెంటు వ్యవస్థకు దాన్ని తగిలించడం అంటే ముందు ఆ వ్యవస్థను బాగుచేయడమే. పాత మెకానికల్ రెగ్యులేటర్ వోల్టేజీ వేడికీ చలికీ మారుతుంది, కాంటాక్టులు అరిగితే పైకి ఎగబాకుతుంది. యాసిడ్ బ్యాటరీ దాన్ని నీరు ఆవిరి చేసుకుంటూ భరిస్తుంది. లిథియం భరించదు, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు బ్యాటరీని విమానం కరెంటు నుంచి విడదీస్తుంది. ఇంకోటి, బాగా దిగిపోయిన లిథియం బ్యాటరీ ఛార్జింగు మొదలవగానే ఎంత కరెంటు ఇస్తే అంతా తాగేస్తుంది, చిన్న జనరేటరు దానికి సరిపోక వేడెక్కుతుంది. కాబట్టి కొత్త రెగ్యులేటర్, అధిక వోల్టేజీ నుంచి రక్షణ, తయారీదారు చెప్పిన వోల్టేజీ హద్దుల్లో ఛార్జింగు, మీ మోడల్ పేరున్న ఎస్‌టీసీ (ఫ్యాక్టరీది కాని మార్పుకు ఇచ్చే అదనపు ధ్రువపత్రం) లేదా ఆమోదం, ఈ నాలుగూ ఉంటేనే అటు వెళ్లండి. ఒక్కటి లేకపోయినా ఏజీఎమ్ మంచిది. ఏడు పౌండ్లు తగ్గుతాయి, యాసిడ్ కారి బ్యాటరీ పెట్టె కింది రేకు తినేసే బెడదా పోతుంది. ఎక్కువమందికి ఇదే సరైన ఎంపిక.

పాత యాసిడ్ బ్యాటరీకి పాతకాలపు అందం తప్ప పట్టుకుని వేలాడే కారణం లేదు, ఒక్క సందర్భంలో తప్ప: విమానం ముక్కు ఇప్పటికే బరువుగా ఉంటే. ఆ లెక్క కాసేపట్లో.

బ్యాటరీ నుంచి స్టార్టరుకు వెళ్లే లావు రాగి కేబుల్ కూడా బరువే. 4 గేజి రాగి అడుగుకు ఎనిమిదో వంతు పౌండు, 2 గేజి అయితే ఐదో వంతు. దాన్ని అల్యూమినియం కేబుల్‌గా మార్చాలన్న ఆలోచన వస్తే మానుకోండి. పైపర్ తన చెరొకీ విమానాల్లో అల్యూమినియం కేబుళ్లు వేసింది. చివర్ల దగ్గర తుప్పు పట్టి, స్టార్టరు నీరసంగా తిరుగుతుంటే యజమానులు వాటిని తీసి మళ్లీ రాగి వేయించుకుంటున్నారు.

ముక్కు వైపు

140లో ఉండే కాంటినెంటల్ సీ-85-12 ఇంజిన్ మీద డెల్కో-రెమీ స్టార్టరు కాక్‌పిట్‌లో కేబుల్ లాగితే తిరిగే రకం, 16 పౌండ్ల పైమాటే. కొత్త తేలిక స్టార్టర్లు పది పౌండ్ల దగ్గర వస్తాయి. తీసేసేది మాత్రం స్టార్టరు ఒక్కటే కాదు. లాగే కేబుల్ పోయి దాని బదులు బటను, కాంటాక్టరు, కొత్త తీగలు వస్తాయి, వాటి బరువూ లెక్కలో వేసుకోవాలి. తేలిక స్టార్టరుకు కిక్‌బ్యాక్ అంటే పడదు. స్పార్క్ పుట్టించే మాగ్నెటోలో, స్టార్టింగప్పుడు స్పార్క్‌ను ఆలస్యం చేసే ఇంపల్స్ కప్లింగ్ అరిగి, స్పార్క్ ముందే పడి ఇంజిన్ ఒక్కసారి వెనక్కి తంతే పాత ఇనుప డెల్కో తట్టుకుంటుంది, కొత్తది విరగొచ్చు. కాబట్టి ముందు మాగ్నెటో టైమింగు, ఇంపల్స్ కప్లింగ్ చూపించండి. డెల్కో బాగా పనిచేస్తున్నంత కాలం దాన్ని కదపొద్దు. దాని క్లచ్ పాడై, బాగు చేయించడానికి కొత్త స్టార్టరంత ఖర్చని మెకానిక్ చెప్పిన రోజు మార్చండి. అప్పుడు ఆ పౌండ్లు ఉచితంగా వచ్చినట్టే.

జనరేటరు బదులు ఆల్టర్నేటరు కూడా అలాంటిదే. బరువు కొద్దిగా తగ్గుతుంది, అసలు లాభం ఐడిల్‌లో కూడా ఛార్జింగు ఉండటం. బిగించేటప్పుడు డ్రైవ్ కప్లింగ్‌లోని రబ్బరు బుష్‌లు కొత్తవి వేయించండి. అవి గట్టిపడి చిట్లితే ముక్కలు పడేది ఇంజిన్ ఆయిల్ సంపులోకే.

ప్రొపెల్లర్ దగ్గర అసలు వాదన. మెటల్ ప్రొపెల్లర్ బరువులో సుమారు సగానికే చెక్క ప్రొపెల్లర్ వస్తుంది, అదీ విమానం కొసన, అంటే ఒక్కో పౌండు ప్రభావం ఎక్కువగా ఉండే చోట. ఇంజిన్‌కు వణుకు తగ్గుతుంది, ప్రొపెల్లర్ దేనికైనా తగిలినా క్రాంక్‌షాఫ్ట్‌కు దెబ్బ తక్కువ. దీనికి చెల్లించే మూల్యం: క్రూయిజ్ వేగంలో కొన్ని మైళ్లు పోతాయి, వానలో ఎగిరితే అంచులు కొరుక్కుపోతాయి, చెక్క తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి బోల్టుల టార్క్‌ను బిగించిన కొత్తలోనూ, ఆపై ప్రతి వాతావరణ మార్పుకూ సరిచూస్తుండాలి. బోల్టు వదులైన చెక్క ప్రొపెల్లర్ హబ్ దగ్గర రాపిడితో నల్లగా కాలిన మరక చూపిస్తుంది. అది కనిపిస్తే ఎగరొద్దు. చెక్క ప్రొపెల్లర్‌కు ముందు ప్లేటు, పొడవు బోల్టులు వేరుగా కావాలి, అవీ తూచాలి. సీ-85-12కు టేపర్ షాఫ్ట్, విడి హబ్ ఉంటాయి, 12ఎఫ్‌కు ఫ్లాంజ్ ఉంటుంది. ఏది ఉందో చూడకుండా ఆర్డరు ఇవ్వొద్దు. బిగించాక నేల మీద పూర్తి థ్రాటిల్ ఇచ్చి, డేటా షీట్‌లో ఉన్న స్టాటిక్ ఆర్‌పీఎమ్ హద్దుల్లో తిరుగుతుందో చూడాలి.

చిన్న రన్‌వే నుంచి ఎండకాలం పొద్దుటి షికార్లకైతే చెక్క. రెండు వందల మైళ్లు వానా గాలీ చూడకుండా వెళ్లేవాళ్లకు మెటల్.

పౌండు ఎక్కడిదన్నదే ముఖ్యం

ఇప్పుడు ఆ లెక్క. ఖాళీ బరువు 940 పౌండ్లు, గురుత్వ కేంద్రం డేటమ్ (దూరాలన్నీ కొలిచే ఆధార గీత) వెనక 14.0 అంగుళాలు అనుకుందాం. మొమెంట్, అంటే బరువును దూరంతో గుణిస్తే, 13,160. ఈ దూరాలు ఉదాహరణకు తీసుకున్నవి, మీ విమానానివి మీరే కొలుచుకోవాలి. లిథియం బ్యాటరీ వేశారు, తోక వైపు 70 అంగుళాల దగ్గర 16 పౌండ్లు తగ్గింది. బరువు 924, మొమెంట్ 12,040, కేంద్రం 13.03కి వచ్చింది. ఒక్క వస్తువుతో దాదాపు అంగుళం ముందుకు జరిగింది.

తోక చక్రం విమానంలో ఇది చిన్న విషయం కాదు. తొలి 140ల ముందు చక్రాలు మరీ వెనక ఉన్నాయని, గట్టిగా బ్రేకు తొక్కితే ముక్కు మీద పడుతున్నాయని చక్రాలను ముందుకు జరిపే ఎక్స్‌టెండర్లు వచ్చాయి. తర్వాతి మోడళ్లకు సెస్నాయే గేర్ కాళ్లను ముందుకు వంచింది. ఎక్స్‌టెండర్లను బరువు తగ్గుతుందని పీకేసి, అదే వారంలో తోకలోని బ్యాటరీని తేలిక చేసినవాళ్లు ప్రొపెల్లర్ నేలకు కొట్టించుకునే అవకాశాన్ని రెండు వైపులా పెంచుకున్నట్టు. తొలి రకం కాళ్లున్న విమానానికి ఎక్స్‌టెండర్లు ఉంచేయండి. తర్వాతి రకం కాళ్ల మీద ఎవరో వాటిని బిగించి ఉంటే అవి నిజంగానే దండగ బరువు, పైగా తోక లేవడానికి బద్ధకిస్తుంది.

లెక్క కొనసాగిద్దాం. డేటమ్ ముందు 25 అంగుళాల దగ్గర స్టార్టరులో 7 పౌండ్లు తగ్గాయి. బరువు 917, మొమెంట్ 12,215, కేంద్రం 13.32. ముందు 40 అంగుళాల దగ్గర చెక్క ప్రొపెల్లర్‌తో 10 పౌండ్లు తగ్గాయి. 907, 12,615, కేంద్రం 13.91. మొత్తం 33 పౌండ్లు పోయాయి, కేంద్రం మొదలైన చోటికే వచ్చింది. అందుకే బ్యాటరీ ఒక్కటే మార్చడం కంటే, ప్రొపెల్లర్ ఒక్కటే మార్చడం కంటే, ముందూ వెనకా జతగా మార్చడం మేలు. ఒక్కటే చేయగలిగితే మీ విమానం గురుత్వ కేంద్రం అనుమతించిన ముందు, వెనక హద్దుల్లో ఇప్పుడు దేనికి దగ్గరగా ఉందో చూసి, ఆ వైపున్న దాన్ని తేలిక చేయండి. ముక్కు బరువైతే స్టార్టరు, ప్రొపెల్లర్. తోక బరువై, బ్యాగేజీ పెట్టగానే వెనక హద్దు దాటుతుంటే బ్యాటరీ.

రెక్కలు, రంగు

120, 140లకు ఫ్యాక్టరీ నుంచి బట్ట రెక్కలే వచ్చాయి. బట్ట మార్పించే ఖర్చు తప్పుతుందని తర్వాత చాలామంది రేకు వేయించారు. తేడా పదుల పౌండ్లలో ఉంటుంది. మీ విమానానికి కచ్చితంగా ఎంతో, పెద్ద మార్పులు నమోదు చేసే అప్పటి ఫారం 337లో రాసి ఉంటుంది, తీసి చూడండి. ఇంత బరువు ఒకే చోట దొరకడం చూసి ఆశ పుడుతుంది కానీ, రేకు తీసి బట్టకు తిరిగి వెళ్లడం ఈ జాబితా మొత్తంలో ఖరీదైన పని. రివెట్ల కోసం రిబ్‌లకు పొడిచిన రంధ్రాలు ఉంటాయి, కొన్ని రిబ్‌లు మార్చాల్సి వస్తుంది, పాత మార్పును కాగితం మీద వెనక్కి తీసుకోవాలి. బాగున్న రేకు రెక్కలను బరువు కోసమే విప్పడం తెలివైన పని కాదు. తుప్పు వల్లో దెబ్బ వల్లో రెక్క విప్పక తప్పనప్పుడు మాత్రం మళ్లీ రేకు వేయించకండి.

బట్ట రెక్కలున్నవాళ్లు తర్వాతి బట్ట మార్పిడి దగ్గర బరువును అదుపులో పెట్టాలి. పాత బట్ట మీద కొత్త బట్ట వద్దు. పాలియెస్టర్ బట్ట నేత కనిపిస్తోందని ప్రైమరు కోట్ల మీద కోట్లు కొట్టి నునుపు చేయించడమే బరువు చేరే దారి. ఆ నునుపు గంటకు 100 మైళ్లు వెళ్లే విమానానికి వేగం ఏమీ ఇవ్వదు. తగ్గించకూడనిది వెండి రంగు పొర. సూర్యుడి అతినీల కిరణాల నుంచి బట్టను కాపాడేది అదే. రెక్క లోపల బల్బు వెలిగిస్తే బయటికి వెలుగు కనిపించకూడదు, కనిపిస్తే ఇంకో కోటు వేయాల్సిందే.

మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో తిరిగిన హెచ్ఏఎల్ పుష్పక్ కూడా ఇలాంటి చిన్న బట్ట విమానమే. 1958లో మొదటిసారి ఎగిరింది, స్టీలు గొట్టాల మీద బట్ట, 90 హార్స్ పవర్ కాంటినెంటల్ ఇంజిన్. దాన్ని బాగుచేసుకునేవాళ్లకు బట్ట, తూకం సంగతులు అలాగే వర్తిస్తాయి. ఎస్‌టీసీలూ 337లూ మాత్రం అమెరికా కాగితాలు. ఇక్కడ ప్రతి మార్పుకూ డీజీసీఏ ఆమోదం వేరుగా కావాలి, ముందు అదడిగి తర్వాతే వస్తువు కొనాలి.

రంగు బరువును ఇంట్లోనే లెక్కగట్టొచ్చు. ఆరిన రంగు పొర మందం ఒక మిల్, అంటే అంగుళంలో వెయ్యో వంతు ఉంటే వంద చదరపు అడుగులకు ముప్పావు పౌండు దాకా తూగుతుంది. పాతదాని మీద కొత్తది వేసి 8 మిల్‌లకు చేరిన రంగు 300 చదరపు అడుగుల మీద 17, 18 పౌండ్లు. రంగు మందం కొలిచే మీటరు అద్దెకు దొరుకుతుంది, పది చోట్ల పెట్టి చూడండి. రంగు మొత్తం తీసేసి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తీరులో మెరిసే అల్యూమినియంగా ఉంచుకోవడం 140 యజమానులకు ఇష్టమైన పని. అందంగా ఉంటుంది, తేలిక కూడా. సముద్ర తీరంలో, ఆరుబయట ఉంచే విమానానికి మాత్రం వద్దు. ఉప్పు గాలికి రేకు పైనుండే స్వచ్ఛ అల్యూమినియం (క్లాడ్) పొర మీద గుంటలు పడతాయి, ఎవరో ఒకరు ఏడాదికి రెండుసార్లు పాలిష్ యంత్రం పట్టుకుని కూర్చోవాలి. పొడి ప్రాంతంలో, హ్యాంగరులో ఉండేదానికైతే సరే. రంగు పూర్తిగా తీశాకే తుప్పు, సొట్టలు పూడ్చిన పాత బొండో పూతలు బయటపడతాయి, దానికి డబ్బు పక్కన పెట్టుకోండి.

అసలు బరువు తగ్గించాలా?

సీ-85ను ఓవర్‌హాల్ చేయించే వేళ వచ్చిందనుకోండి. అప్పుడు పోల్చాల్సింది బ్యాటరీతో కాదు, శక్తితో. సీ-85 ఇచ్చేది 2575 ఆర్‌పీఎమ్ దగ్గర 85 హార్స్ పవర్, ఓ-200 ఇచ్చేది 2750 దగ్గర 100. సీ-85 కేసులోనే ఓ-200 క్రాంక్‌షాఫ్ట్, రాడ్లు, పిస్టన్లు వేసుకునే ఎస్‌టీసీ ఒకటి ఉంది. ఎలాగూ ఇంజిన్ విప్పుతున్నప్పుడు అది వేయిస్తే ఎక్కే శక్తిలో వచ్చే తేడా ముందు 30 పౌండ్ల తేడా వెలవెలబోతుంది. అయితే ఇంజిన్ ఎంత బలంగా లాగినా గరిష్ఠ బరువు 1450 దగ్గరే ఉంటుంది. మోసే సామర్థ్యం కోసం బాధపడేవాళ్లకు కొత్త క్రాంక్‌షాఫ్ట్ ఒక్క పౌండూ ఇవ్వదు.

వాళ్లకు అన్నిటికంటే చవకైన దారి ట్యాంకు. సీ-85 గంటకు 5 గ్యాలన్ల చుట్టూ తాగుతుంది. గంటన్నర షికారుకు, పగటి నిబంధన ప్రకారం అరగంట నిల్వకు, దాని మీద ఇంకో అరగంట జాగ్రత్తకు కలిపి 12, 13 గ్యాలన్లు చాలు. మిగతా 12 గ్యాలన్లు ఎక్కించకపోతే 72 పౌండ్లు, కొత్త ప్రొపెల్లర్, స్టార్టరు, బ్యాటరీ మూడూ కలిపి ఇచ్చినదానికి రెట్టింపు. కొలపుల్లతో ట్యాంకులో ఎంతుందో నిజంగా చూస్తే చాలు, గేజీని నమ్మొద్దు.

ఇద్దరు మనుషులు, దూరప్రయాణాలు, నిండు ట్యాంకులు తప్పవనుకునేవాళ్లకు మేము చెప్పే క్రమం: తూకం, శుభ్రం, చచ్చిన తీగలు, వాక్యూమ్, ఆపై ఏజీఎమ్ బ్యాటరీ, పాతది పాడైనప్పుడు స్టార్టరు. పాతిక ముప్పై పౌండ్లు ఇక్కడే దొరుకుతాయి, ఖర్చు మొత్తం కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి రెండు వేల లోపు. చిన్న గడ్డి రన్‌వే, ఎత్తైన ఊరు, ఎండ ఉన్నవాళ్లు ఇదే క్రమంలో వెళ్లి చివర చెక్క ప్రొపెల్లర్ కలుపుకోవాలి. ఫ్యాక్టరీ రూపం కోసం కొన్నవాళ్లు లిథియం, డిజిటల్ గైరో జోలికి పోకుండా తీసివేతలతోనే ఆపొచ్చు, ఎందుకంటే వాళ్ల విషయంలో తీసేసే ప్రతి వస్తువూ విమానాన్ని 1946కు దగ్గర చేస్తుంది. పెద్ద 8.00-6 టైర్లు బురద నేల కోసం వేయించుకుని ఇప్పుడు తారు రన్‌వేలే వాడుతున్నవాళ్లు మళ్లీ 6.00-6కు వెళ్లడమూ చవకైన పనే.

పని పూర్తయ్యాక కూడికలతో కొత్త కాగితం రాయకుండా మళ్లీ తూచండి. తీసేసిన ప్రతి వస్తువునూ తీసినరోజే తూచి, దాని దూరం కొలిచి రాసుకుని ఉంటే రెండు తూకాల మధ్య తేడా ఆ జాబితాకు సరిపోవాలి. రెండు మూడు పౌండ్లకు మించి తేడా వస్తే ఏదో మరిచారు లేదా కాంటా తప్పు. మెకానిక్ కొత్త బరువు కాగితం, సామగ్రి జాబితా రెండూ మార్చి, పాత కాగితం మీద తేదీ వేసి చెల్లదని రాసి, చింపేయకుండా ఫైల్లో ఉంచాలి. మొదటిసారి ఎగిరే ముందు రెండు కొసలూ లెక్కవేసి చూడండి: మీ ఇంట్లో అందరికంటే తేలికైన పైలట్ ఒక్కరే కూర్చుంటే కేంద్రం ముందు హద్దు దాటుతుందా, ఇద్దరు కూర్చుని బ్యాగేజీ అర నిండుగా పెడితే వెనక హద్దు దాటుతుందా? ఆ రెండు సమాధానాలూ రాసిన చీటీ కాక్‌పిట్‌లో బరువు కాగితం పక్కనే ఉండాలి.